మిరపకాయకి రెండు స్టార్లు కోత

కాకతీయుల కాలంలో నడిచే ఒక నవలలో సైనికుడొకడు జొన్నసంకటిలోకి పచ్చిమిరపకాయ నంజుకుంటాడు. పుస్తకం పేరు ఇక్కడ అనవసరం. ఆన్‌లైన్లో దానికి సమీక్ష రాసిన ఒకాయన ఆ ఒక్క మిరపకాయకి రెండు స్టార్లు కోసేశాడు. రచయితకి కనీస పరిశోధన లేదని తీర్పు కూడా చెప్పాడు.

ఆయన పట్టుకున్న తప్పు తప్పే, కాదనను. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. యూరపు ఓడలు సముద్రాలు దాటించి తెచ్చాకే మన పొలాల్లోకి వచ్చాయి. వాస్కోడగామా మలబారు తీరం చేరిందే 1498లో. ఓరుగల్లు పడిపోయింది 1323లో. కాకతీయ సైనికుడికి నాలుక చుర్రుమనాలంటే మిరియాలో పిప్పళ్ళో నమలాల్సిందే.

సరే. మరి అదే పుస్తకంలో ఇంకో నాలుగు పేజీలు తిప్పితే పదమూడో శతాబ్దపు రాచబిడ్డ ఒకతె తండ్రి ఎదుట నిలబడి, తన జీవితం మీద నిర్ణయం తనదేనంటూ పేజీన్నర మాట్లాడుతుంది. ఆ మాటల్లో కులం లేదు, వంశం లేదు, పాపభీతి లేదు, శివుడు లేడు. సామంతులు ఏమంటారోనన్న బెదురు లేదు. ఈ ఏడాది హైదరాబాదులో ఏ కాలేజీ వేదిక మీద నిలబెట్టినా అక్షరం మార్చకుండా చప్పట్లు కొట్టించుకునే ఉపన్యాసం అది. మిరపకాయని పట్టుకున్న సమీక్షకుడికి ఈ ఉపన్యాసం గొంతులో ముల్లులా తగలలేదు సరికదా, "హీరోయిన్ పాత్ర అదిరింది" అని మెచ్చుకున్నాడు. నా గొడవంతా ఇక్కడే.

పాత ఇల్లు కొనేవాడు ముందు దూలం చూస్తాడు. గోడకి సున్నం పెచ్చులూడితే బేరంలో నాలుగు రూపాయలు తగ్గిస్తాడు, దూలం పుచ్చితే బేరమే మానుకుంటాడు. చారిత్రక నవలకి మార్కులు వేసేవాళ్ళు కూడా పట్టుకున్న ప్రతి తప్పునీ ఈ ప్రశ్న అడగాలని నా వాదన: ఇది సున్నంలో తప్పా, దూలంలో తప్పా? ఆ మిరపకాయని తీసేసి అక్కడ ఉల్లిపాయ పెడితే కథలో ఒక్క వాక్యం కూడా కదలదు. అది సున్నం. రాచబిడ్డ ఉపన్యాసం తీసేస్తే మాత్రం ఆ తర్వాత జరిగే తిరుగుబాటు, పెళ్ళి తప్పిపోవడం, యుద్ధం అన్నీ కూలిపోతాయి. ఆ నవలకి నేనైతే మూడు వేశాను. తగ్గించిన రెండూ ఆ ఉపన్యాసం ఖాతాలోవే. మిరపకాయ సంగతి చివర ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాను.

అన్నట్టు స్టార్ల లెక్క కూడా ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. గుడ్‌రీడ్స్ వాళ్ళ లెక్కలో రెండు స్టార్లంటే పర్లేదని, మూడంటే నచ్చిందని, నాలుగంటే బాగా నచ్చిందని అర్థం. అమెజాన్లో అవే రెండు స్టార్లు పడితే కొనేవాడు పుస్తకంలో పేజీలు ఊడిపోయాయేమో అనుకుంటాడు. ఇక మనకి సినిమా రివ్యూల పుణ్యమా అని రెండుంపావు, రెండున్నర, రెండూముప్పావుల మధ్యనే ప్రపంచమంతా ఇరుక్కుపోయింది. రెండూముప్పావు వేసినవాడు ఆ పావు ఎక్కడ తగ్గించాడో, ఎందుకు తగ్గించాడో ఎప్పుడైనా చెప్పాడా? అంకె వెనకాల కారణం లేనప్పుడు దాన్ని రేటింగ్ అనడం దండగ. పుస్తకానికి మూడు వేయండి, ఒకటి వేయండి, అభ్యంతరం లేదు. ఏ పేజీ చదివి ఆ అంకె పడిందో చెప్పండి. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి కడప నుంచి 'సంవేదన' పత్రిక నడిపిన రోజుల్లో కఠినంగా రాశాడని ఆయన మీద కోపం పెంచుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, కారణం చెప్పకుండా కొట్టిపారేశాడని అనగలిగినవాళ్ళు అరుదు.

దూలమూ సున్నమూ అన్నంత మాత్రాన పని తేలిపోదు. అడివి బాపిరాజు నవల 'గోన గన్నారెడ్డి'నే తీసుకోండి. ఇవాళ కొత్తగా చదివిన కుర్రాడు దాన్ని శాసనాల పక్కన పెట్టి చూశాడనుకుందాం. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి వంశంవాడు గన్నారెడ్డి. చరిత్రలో అతను గట్టిగా కనిపించేది రాయచూరు కోట గోడలో ఉన్న పొడవాటి రాతి మీద. 1294లో అతని కింది అధికారి విఠలనాథుడు ఆదవాని మొదలైన కోటలు పట్టి, రాయచూరు కోట కట్టించిన సంగతి ఆ శాసనం చెబుతుంది. అప్పటికి ఓరుగల్లు సింహాసనం మీద ఉన్నది రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడు. నవలలోని గన్నారెడ్డి మాత్రం రుద్రమ యౌవనం నాటి గజదొంగ. పెళ్ళిపీటల మీంచి పెళ్ళికొడుకునే ఎత్తుకుపోయే సాహసి, పైకి దొంగ, లోపల రాజభక్తుడు. అంటే బాపిరాజు ఒక మనిషిని ఒక తరం వెనక్కి జరిపాడు. కుర్రాడు వెంటనే రెండు స్టార్లు కోసేయవచ్చు.

ఆగమంటాను. ఆ నవల బరువంతా దేని మీద నిలబడింది? ఆడపిల్ల సింహాసనమెక్కితే సామంతులు సహించలేకపోవడం మీద, ఆమె మగపేరుతో మగవేషంలో పాలించాల్సి రావడం మీద. ఈ రెండింటిలో మొదటిది తర్వాతి కాలపు 'ప్రతాపచరిత్ర' చెప్పే తిరుగుబాటు కథలకి దగ్గరగా ఉంది. రెండోదాంట్లో మగపేరుకి శాసనాల్లోనే బలమైన ఆధారముంది. ఆమెని 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుతో పిలిచిన శాసనాలున్నాయి. దూలం గట్టిది. గన్నారెడ్డి వయసు విషయంలో బాపిరాజు తీసుకున్న స్వేచ్ఛ నవలా రచయిత తీసుకోదగిందే. కోటలు పట్టించిన మనిషని శాసనం చెబుతోంది. ఆ మనిషి కుర్రతనంలో ఎలా ఉండేవాడో శాసనం చెప్పలేదు, బాపిరాజు ఊహించాడు.

ఇంతకంటే ముఖ్యమైన ఉదాహరణ చందుపట్లది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం తేదీ 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారి పుణ్యం కోసం భూమి దానం ఇస్తున్నామనీ అందులో ఉంది. అంతకుముందు చరిత్ర పుస్తకాలు ఆమె 1295 దాకా పాలించిందని రాసేవి. ఈ ఒక్క రాయితో ఆ లెక్క మారిపోయింది. బాపిరాజు 1952లోనే పోయాడు. చరిత్రకారులు ఆ శాసనాన్ని చదివి లెక్కలు సరిచేసింది ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి. కాబట్టి యాభైల్లోనో అంతకుముందో వచ్చిన నవలలో రుద్రమ 1289 తర్వాత కూడా బతికి ఉంటే, "చరిత్ర తెలీదు" అని సమీక్షలో రాయడం అన్యాయం. ఆ నాటికి తెలిసిన చరిత్ర అంతే. అదే పని నిన్నగాక మొన్న అచ్చయిన నవల చేస్తే మాత్రం అది నిర్లక్ష్యం. ఒకే తప్పు, ఇద్దరు రచయితలు, రెండు తీర్పులు. పుస్తకం వచ్చిన ఏడాది చూడకుండా చారిత్రక నవలకి మార్కులు వేయడం కుదరదని నేననేది ఇందుకే.

చందుపట్ల రాయి దగ్గర ఇంకో తమాషా ఉంది. రాణి, సేనాని పోయారని ఉంది గానీ ఎలా పోయారో అందులో లేదు. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు తిరగబడ్డాడనీ, త్రిపురాంతకం శాసనంలో తన విజయాలు ఏకరువు పెట్టుకున్నాడనీ తెలుసు కాబట్టి, అంబదేవుడితో యుద్ధంలోనే ఇద్దరూ నేలకొరిగారని చరిత్రకారులు ఊహించారు. మంచి ఊహ. చాలామంది ఒప్పుకున్న ఊహ. అయినా అది ఊహే. రేపొక నవలా రచయిత్రి వచ్చి రుద్రమ జబ్బుపడి శిబిరంలో పోయిందని రాసిందనుకోండి. "చరిత్రని వక్రీకరించారు, ఒక్క స్టారు" అని రాయడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు. ఆ పదిమందిలో ఎంతమందికి తెలుసు, తాము చరిత్ర అనుకుంటున్నది శాసనం చెప్పింది కాదనీ, శాసనాల మధ్య ఖాళీలో చరిత్రకారుడు పెట్టిన గీత అనీ? రాతి మీద ఉన్నదాన్ని మారిస్తే రచయిత జవాబు చెప్పాలి. రాతి మీద లేనిచోట నవల పుడుతుంది. ఆ చోటులోకి వెళ్ళి గొడవపడే సమీక్షకుడు నవల అంటేనే ఇష్టం లేని మనిషి అయ్యుండాలి.

దూలంలో తప్పు ఎలా ఉంటుందో కూడా చెబుతాను, లేకపోతే అందరినీ వదిలేసే ధర్మాత్ముడిలా కనిపిస్తాను. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాడు. బయట మట్టికోట, లోపల రాతికోట. ఆ మట్టిగోడ ఎంత గట్టిదంటే, మంజనీకు అనే యంత్రంతో రాయి విసిరితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందని అమీర్ ఖుస్రో రాశాడు. అతను ఢిల్లీ సుల్తాను కొలువులో ఉన్న మనిషి. శత్రువు కోటని అంతగా పొగిడాడంటే గోడ నిజంగానే గట్టిదన్నమాట. ఇప్పుడు ఒక నవలలో కాఫూర్ ఫిరంగులు బారు తీర్చి గోడ బద్దలు కొట్టాడనుకోండి. అక్కడ ఒక ఆయుధం మాత్రమే మారినట్టు కాదు. నెలల తరబడి ముట్టడి, లోపల తిండిగింజల లెక్కలు, కందకం పూడ్చడానికి పడే పాట్లు, చివరికి సంధి, కప్పం, ఏనుగులు, ఇవన్నీ పోయి సగం రోజులో పని అయిపోతుంది. కథ కీలకం మొత్తం ఆ కాలంలో లేని వస్తువు మీద ఆధారపడింది. దీనికి నేను మొహమాటం లేకుండా తగ్గిస్తాను. అదే ఫిరంగి 1520లో రాయచూరు ముందు నిలబడితే పేచీ లేదు. కృష్ణదేవరాయల వైపు పోర్చుగీసు తుపాకివాళ్ళు కూడా పోరాడారని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాసిపెట్టాడు.

సమీక్షకులు సాధారణంగా వదిలేసేది పీఠిక. రచయిత ముందుమాటలోనో చివరి మాటలోనో ఏం మాటిచ్చాడో చూడకుండా లెక్క తేల్చేస్తారు. "ఫలానా రాజు కాలాన్ని నేపథ్యంగా తీసుకున్నాను, పాత్రలు కల్పితం" అన్నవాణ్ణి ఒక కొలతతో కొలవాలి. "ఇంతవరకు ఎవరూ చెప్పని నిజ చరిత్ర" అని అట్ట మీద వేసుకున్నవాణ్ణి ఇంకో కొలతతో కొలవాలి. రెండోవాడు చరిత్రకారుడి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కాబట్టి చరిత్రకారుణ్ణి అడిగినట్టే అడగాలి: ఏ శాసనం, ఎవరు పరిష్కరించారు, ఏ సంపుటం? అప్పుడు "ఇది నవలేనండీ, కల్పన ఉంటుంది కదండీ" అని తప్పించుకోనివ్వకూడదు. ఈ మధ్య అట్ట మీద నిజ చరిత్ర అనీ, లోపల కాపీరైటు పేజీలో చిన్న అక్షరాల్లో కల్పితమనీ రెండూ వేసే పుస్తకాలు వస్తున్నాయి. వాటికి రేటింగ్ కంటే ముందు వివరణ అడగాలనిపిస్తుంది.

ఇక మనసు సంగతి. రాచబిడ్డ ఉపన్యాసాన్ని దూలం తప్పు అన్నాను. దీనికి ఎదురువాదం బలంగానే ఉంది. ప్రతి చారిత్రక నవలా రాసినవాడి కాలం గురించే మాట్లాడుతుంది, బాపిరాజు మాత్రం మాట్లాడలేదా అంటారు. మాట్లాడాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళిన మనిషి, హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రికకి సంపాదకుడిగా పనిచేసిన మనిషి, ఆంధ్రులంతా ఒక్కటి కావాలన్న కలని కాకతీయ సామ్రాజ్యంలో చూసుకున్నాడు. ఆయన పాత్రలు ఆంధ్రమహాసామ్రాజ్యం గురించి మాట్లాడేటప్పుడు పదమూడో శతాబ్దం కంటే ఇరవయ్యో శతాబ్దమే ఎక్కువ వినిపిస్తుంది. అయినా నాకు అక్కడ చదవడం ఆగలేదు. ఎందుకంటే ఆ కలని మోసే మనుషులు ఆ కాలపు భయాల్లో, మొక్కుల్లో, వంశగౌరవాల్లో, ఉత్సవాల్లో బతుకుతుంటారు. వాళ్ళ కోరిక కొత్తది కావచ్చు, దానికి అడ్డుపడేవి మాత్రం ఆ కాలానివే. కొత్త నవలలోని రాచబిడ్డకి ఏదీ అడ్డు లేదు. అడ్డే లేకపోతే ఆమెది ధైర్యమని దేనిని చూసి అనుకోవాలి? కాబట్టి నేను అడిగేది ఆధునిక ఆలోచన ఉందా అని కాదు, దానికి ఆ కాలంలో ఎంత ఖరీదు చెల్లించాలో రచయిత చూపించాడా అని.

ఇప్పటిదాకా మాట్లాడినవి పుస్తకంలోని తప్పులు. రేటింగుల్లో సగం తప్పులకి పుస్తకంతో సంబంధమే ఉండదు. రాజు మనవాడా కాదా అన్నది మన దగ్గర ఐదు స్టార్లకీ ఒక స్టారుకీ మధ్య ఉన్న అసలు తేడా. ఫలానా వంశం ఫలానా కులమని నవలలో ఒక్క మాట పడితే చాలు, పుస్తకం తెరవనివాళ్ళు కూడా వరసగా వచ్చి ఒకటి నొక్కి పోతారు. ఆ మాట వాళ్ళకి అనుకూలంగా ఉంటే ఐదు. శాసనాల్లో చతుర్థ కులమనో దుర్జయ వంశమనో ఉన్నదాన్ని ఇవాళ్టి కుల సంఘాల పేర్లకి సరిపెట్టడం ఎంత తిరకాసు వ్యవహారమో చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు. నొక్కేవాళ్ళకి ఆ తీరిక లేదు.

ఊళ్ళ గొడవ ఇంకోటి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సైన్యం, కోటలో ఆడవాళ్ళ మరణం, ఆ తర్వాత గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని చంపిన తాండ్ర పాపారాయుడు. రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు, మన జంగాలు పాడారు. బొబ్బిలి పక్షం నుంచి చెప్పిన కథే ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది కూడా. ఎవరైనా విజయరామరాజు లోపల ఏం నడిచిందో రాయడానికి పూనుకుంటే, అదీ బాగా రాస్తే, దానికి న్యాయమైన మార్కులు పడతాయా అని నాకు అనుమానమే. నవల పని మనకి ఇష్టంలేని మనిషి తలలోకి మనల్ని తీసుకుపోవడం. అక్కడికి తీసుకుపోయినందుకే స్టార్లు తగ్గిస్తే ఇక రచయితలు ఎవరి తలలోకీ వెళ్ళరు, విగ్రహాల చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. ఇప్పటికే చాలామంది చేస్తున్నారు కూడా.

మొహమాటం సంగతి ఎత్తకపోతే ఈ వ్యాసం దొంగవ్యాసం అవుతుంది. తెలుగులో రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఒకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. ఆవిష్కరణ సభలో వేదిక మీద శాలువా కప్పించుకున్నాయన మర్నాడు ఐదు స్టార్లు వేస్తాడు. ముందుమాట రాసినాయన సమీక్షా ఆయనే రాస్తాడు. నాకూ ఒక రచయిత ఫోన్ చేశారు.

"ఏమండీ, మూడేనా వేశారు?"

"మూడంటే నచ్చిందనే కదండీ లెక్క."

"అందరూ ఐదేశారండీ. మీ మూడుతో యావరేజ్ పడిపోయింది."

ఆయన బాధ నిజమే. అందరూ ఐదు వేసేచోట నిజాయితీగా మూడు వేస్తే అది తిట్టులా కనిపిస్తుంది. ఆ తప్పు మూడు వేసినవాడిది కాదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పుస్తకం రచయిత పంపితే పంపారని మొదటి వాక్యంలోనే రాస్తాను. బాగా తెలిసినవాళ్ళ పుస్తకమైతే పరిచయం రాస్తాను, స్టార్లు వేయను. ఇలా చేస్తే స్నేహాలు పోతాయని ఒక మిత్రుడు బెదిరించాడు. ఒకటో రెండో పలచబడ్డాయి, నిజమే.

చివరిగా ఇంకో చిక్కు ఉంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏది చారిత్రక నవల? బ్రిటన్లో వాల్టర్ స్కాట్ పేరు మీద ఇచ్చే బహుమతికి కథలో ఎక్కువ భాగం కనీసం 60 ఏళ్ళ కిందట జరిగి ఉండాలని నియమం. ఆ లెక్కన తెలంగాణ సాయుధ పోరాటం, 1948 పోలీసు చర్య ఇప్పుడు చారిత్రక నవలల ఖాతాలోకి వచ్చేశాయి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' 1969లో వచ్చింది. గడీ, దొర, వెట్టి ఆయన కళ్ళారా చూసినవి. ఇవాళ పాతికేళ్ళ పాఠకుడికి అది కాకతీయుల కథంత దూరం. అతను దాన్ని చారిత్రక నవల అరలో పెట్టి, "నేపథ్య పరిశోధన బాగుంది, నాలుగు" అని రాస్తే నవ్వొస్తుంది. బతికిన మనిషి చెబుతున్నదాన్ని పరిశోధన అంటే ఎలా? అదే గడీ గురించి ఇప్పుడు ముప్పయ్యేళ్ళ రచయిత రాస్తే మాత్రం పరిశోధన అడగాలి. దొర ముందు మనిషి ఎలా నిలబడేవాడు, ఏ మాట అనేవాడు, ఏ మాట మింగేవాడు అన్నీ అడగాలి. ఆ పాత్రల చేత టీవీ సీరియల్ తెలుగు మాట్లాడిస్తే అది నా దృష్టిలో దూలం తప్పే.

పాత నవలలకి నేను స్టార్లు వేయడం మానేశాను. బాపిరాజుకి నాలుగా, నాలుగున్నరా అని తేల్చడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఆయన తిరిగి రాయబోడు. కొత్త పాఠకుడికి కావలసింది ఏ భాగం ఊహ, ఏ భాగం శాసనం, ఆ తర్వాత ఏం బయటపడింది అన్న రెండు పేరాలు. అవి రాసి, రాసిన తేదీ వేసి వదిలేస్తాను. గుడ్‌రీడ్స్‌లో స్టారు నొక్కకుండా కూడా సమీక్ష పెట్టుకోవచ్చు. చాలామంది ఆ సంగతి గమనించినట్టు లేరు.